ఏకాగ్రత

"చదువుటకు కూర్చుందును, కాని మనస్సు నిలువదు." విద్యార్థుల నోట తరచుగా వినవచ్చు మాట ఇది. పుస్తకము ఎదుట నుండును. కన్నులు అక్షరములపై పరుగిడుచుండును. పుట చివరకు వచ్చుసరికి చదివినదేమియో జ్ఞప్తికి రాదు. ఈ నడుమ మనస్సు ఆటస్థలమునకు పోయి వచ్చినది. ఉదయమున మిత్రుడు పలికిన మాటను తలచుకొన్నది. వంటయింటినుండి వచ్చు పోపు వాసన వెంట కొంతదూరము నడిచినది. కన్నులు మాత్రము పుస్తకముపైననే యున్నవి.

ఇట్లు పలుమారులు జరిగినపుడు విద్యార్థి తన్ను గూర్చి తానే ఒక తీర్పు చెప్పుకొనును. "నాకు ఏకాగ్రత లేదు. చదువు నావంటివారికి రాదు" అని నిశ్చయించుకొనును. ఈ తీర్పు మిక్కిలి హానికరమైనది. ఒక పాఠము రాకపోవుట ఒకనాటి నష్టము. చదువే రాదను నమ్మకము జీవితకాలపు నష్టము. తెలివిగల బాలబాలికలు కూడ ఈ నమ్మకముచేత చదువునకు దూరమగుట కలదు. కావున ఈ తీర్పు సత్యమా, కాదా యని విచారింపవలసియున్నది. ఏకాగ్రత యనగా నేమి? అది కొందరికి పుట్టుకతో వచ్చు వరమా? లేక అభ్యాసముచేత ఎవరికైనను అలవడు గుణమా?

ఏక మనగా ఒకటి. అగ్ర మనగా కొన. మనస్సు ఒకే కొనపై నిలుచుట ఏకాగ్రత. ఈ అర్థమును బట్టి చాలమంది, ఏకాగ్రత గలవారి మనస్సు గోడకు దిగగొట్టిన మేకువలె కదలక యుండునని తలంతురు. ఇది నిజమగునో కాదో తెలిసికొనుటకు ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. ఒక తెల్లకాగితముపై కలముతో ఒక చుక్క పెట్టుడు. మరి దేనిని తలపక ఆ చుక్కనే చూచుచుండుడు. కొలది క్షణములలోనే రెండింటిలో ఒకటి జరుగును. చుక్క మసకబారి సరిగా కనబడకపోవును. లేదా మనస్సు చుక్కను విడిచి మరియొక విషయమునకు పోవును. ఎంత పట్టుదల గలవారికైనను ఇంతే. ఇపుడు అదే చుక్కను వేరొక విధముగా చూడుడు. అది ఎంత పెద్దది? కాగితపు అంచునకు ఎంత దూరమున నున్నది? సరిగా గుండ్రముగా నున్నదా, ఒకవైపు సాగియున్నదా? రంగు అంతటను ఒకే తీరున నున్నదా? ఇట్లు ఒకదాని వెంట నొకటిగా ప్రశ్నలు వేసికొనినచో మనస్సు ఆ చుక్కపైననే చాలసేపు నిలుచును.

అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన విలియం జేమ్స్ (1842-1910) 1890వ సంవత్సరమున మనశ్శాస్త్రమును గూర్చి రెండు సంపుటముల మహాగ్రంథమును ప్రకటించెను. అందు ఆయన రెండు సత్యములను వివరించెను. ప్రయత్నించి నిలిపిన మనస్సు ఒక్కమారుగా కొన్ని క్షణములకంటె ఎక్కువ కాలము నిలువదనునది మొదటిది. దీర్ఘకాలపు ఏకాగ్రత యని మనమనుకొనునది, నిజమునకు, తప్పిపోయిన మనస్సును మరల మరల వెనుకకు తెచ్చుటయే. మార్పులేని వస్తువుపై మనస్సు నిలువదనునది రెండవది. ఆ వస్తువులో క్రొత్త క్రొత్త విషయములను వెదకుచున్నంతకాలము మనస్సు దానిని విడువదు.

ఈ విషయము మన దేశమువారికి క్రొత్తది కాదు. భగవద్గీత ఆరవ అధ్యాయమున అర్జునుడు మనస్సు చంచలమైనదనియు, దానిని పట్టి నిలుపుట కష్టమనియు చెప్పుకొనెను. శ్రీకృష్ణుడు ఆ మాటను కాదనలేదు. అభ్యాసముచేతను, వైరాగ్యముచేతను అది వశమగునని మాత్రము చెప్పెను. అర్జునునంతటి వానికే తప్పని చంచలత్వము మనకున్నదని సిగ్గుపడనక్కరలేదు.

పొలమునకు నీరు పెట్టు రైతును మీరు చూచియుందురు. కాలువలో నీరు పారుచుండును. నడుమ ఎచ్చటనో గట్టునకు గండి పడును. నీరు ప్రక్కకు పోవును. రైతు పార తీసికొని, మట్టి వేసి, గండి పూడ్చును. కొంతసేపటికి మరియొక చోట గండి పడును. దానిని కూడ పూడ్చును. గండి పడినంతమాత్రమున "ఈ నీరు నా పొలమునకు రాదు" అని ఏ రైతును ఇంటికి పోడు. గండిని త్వరగా కనిపెట్టువాడే నేర్పరి. చదువునందును అంతే. మనస్సు పోవుట నేరము కాదు. పోయినదని ఆలస్యముగా తెలిసికొనుటయే లోపము. ఏకాగ్రత యనగా మనస్సు పోకుండుట కాదు. పోయిన మనస్సు వెంటనే మరలి వచ్చుట.

ఇందులకు గొప్ప దృష్టాంతము మన తెలుగునాటనే కలదు. అది అవధానవిద్య. అవధానమను మాటకే మనస్సును నిలుపుట యని యర్థము. అష్టావధానమున ఎనిమిదిమంది పృచ్ఛకులు అవధాని చుట్టును కూర్చుందురు. ఒకరు అసంగతముగా తోచు ఒక పద్యపాదము నిచ్చి, దానిని సమర్థించుచు పద్యము పూరింపుమందురు. ఇది సమస్య. మరియొకరు కొన్ని పదములిచ్చి, వానిని పద్యమున ఇముడ్పుమందురు. ఇది దత్తపది. ఇంకొకరు అవధాని చెప్పు ప్రతి యక్షరము తరువాత ఏ యక్షరము రాకూడదో నిషేధించుచుందురు. ఇది నిషిద్ధాక్షరి. వర్ణన కోరువారొకరు. నడుమ నడుమ గంట మ్రోగించువారొకరు. ఎన్ని గంటలు మ్రోగినవో అవధాని చివర చెప్పవలెను. వీరందరు చాలనట్లు, సంబంధము లేని ప్రశ్నలు వేసి, నవ్వించి, అవధాని మనస్సును చెదరగొట్టుటయే పనిగా పెట్టుకొన్న వారొకరు కలరు. దీనికి అప్రస్తుత ప్రసంగమని పేరు.

అవధాని ఒకరి పద్యమును ఒక్కమారుగా ముగింపడు. మొదటి ఆవృత్తిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదము చెప్పును. రెండవ ఆవృత్తిలో రెండవ పాదము. ఇట్లు నాలుగు ఆవృత్తులలో పద్యములు పూర్తియగును. కలము, కాగితము ఆయన చేతిలో నుండవు. చివరకు, ఆ పద్యములన్నిటిని మొదటినుండి వరుసగా అప్పగించును. ఇది ధారణ. దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872-1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870-1950) అను ఇరువురు తిరుపతి వేంకటకవులని పేరుపొంది, ఈ విద్యను ఆంధ్రదేశమంతటను ప్రచారము చేసిరి. ఎనిమిదిమందితో గాక నూరుమంది పృచ్ఛకులతో శతావధానములు కూడ చేసిరి.

ఇందు గమనింపదగిన దొకటి గలదు. అవధాని మనస్సు ఒకేచోట మేకువలె నిలిచియుండుట లేదు. సమస్యనుండి దత్తపదికి, అచటినుండి గంటకు, గంటనుండి హాస్యమునకు పోవుచునే యున్నది. కాని ఏ పద్యమును ఎచ్చట విడిచెనో సరిగా అచ్చటికే మరలి వచ్చుచున్నది. ఇది ఎట్లు సాధ్యమైనది? పద్యమునకు గణములు, యతి, ప్రాస అను కట్టుబాట్లు కలవు. అవి చిన్ననాటినుండి అభ్యసించుటచేత అవధానికి నడకవలె అలవాటైనవి. విడిచిన పాదమును మరల పట్టుకొనుటకు అవియే పిడులు. మనస్సు మరలి రావలెనన్న పట్టుకొనుటకు ఒక పిడి యుండవలెను. ఊరక "చదువుము, చదువుము" అని మనస్సును గద్దించినంతమాత్రమున అది రాదు.

మన పాఠములకు అట్టి పిడి యేది? ప్రశ్నయే ఆ పిడి. భూగోళ పుస్తకములో కృష్ణానదిని గూర్చి పాఠమున్నదనుకొందము. నది మహాబలేశ్వరము వద్ద పుట్టినది, బంగాళాఖాతమున కలియుచున్నది. దీనిని పదిమారులు చదివినను మనస్సు జారిపోవును. చుక్కను ఊరక చూచుట వంటిదే ఇదియు. చదువుటకు ముందు ఒక ప్రశ్న వేసికొనుడు. మహాబలేశ్వరము పడమటి సముద్రమునకు సుమారు 64 కిలోమీటర్ల దూరముననే యున్నది. అంత దగ్గరనున్న సముద్రమును విడిచి, ఈ నది సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించి తూర్పు సముద్రమునకేల పోవుచున్నది? ఇపుడు పటమును చూచుటకు మీకే తొందర కలుగును. పీఠభూమి పడమట ఎత్తుగా, తూర్పునకు వాలుగా నున్నదని తెలియును. ఆ వాలును ఎరిగినవారికి గోదావరి, కావేరి కూడ తూర్పునకే ఏల పారుచున్నవో మరియొకరు చెప్పనక్కరలేదు. నడుమ మనస్సు ఎటు పోయినను, "నేను దేనికి సమాధానము వెదకుచుంటిని?" అని తలచుకొనగానే మరలి వచ్చును.

రెండవ విషయము: చదువునపుడు ఆ యొక్క పనియే చేయవలెను. పాటలోని మాటలను వినుచు పాఠమును కూడ గ్రహింపగలమని కొందరు తలంతురు. 1953వ సంవత్సరమున కోలిన్ చెర్రీ యను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు తన పరిశోధనను ప్రకటించెను. ఆయన కొందరి చెవులకు శ్రవణయంత్రములు తగిలించి, ఒక చెవిలో ఒక ప్రసంగమును, రెండవ చెవిలో మరియొక ప్రసంగమును వినిపించెను. ఒక చెవిలో వినబడినదానిని వెంటవెంటనే పైకి పలుకుమనెను. వారు చక్కగా పలికిరి. కాని రెండవ చెవిలో ఏమి వినబడినదో ఇంచుమించు ఏమియు చెప్పజాలకపోయిరి. నడుమ ఆ ప్రసంగము ఇంగ్లీషునుండి జర్మను భాషకు మారినను వారు గమనింపలేదు. చెవులు రెండున్నను, రెండు ప్రసంగములను ఒకేసారి గ్రహించు శక్తి మనస్సునకు లేదు.

ఇపుడు ఇంటింటను సెల్‌ఫోను వచ్చినది. అది ఉపకారియే, సందేహము తీర్చుకొనుటకును, దూరమున నున్నవారితో మాటాడుటకును పనికివచ్చును. కాని చదువు నడుమ అది ఒక్కమారు మ్రోగినచో, మనస్సు అటు పోవుటయే గాక, తిరిగి వచ్చిన తరువాత కూడ అచటి ముచ్చటలో కొంత మోసికొని వచ్చును. కావున చదువునంతసేపు దానిని వేరొక గదిలో, కంటికి కనబడని చోట ఉంచుట మేలు. అవధానికి అప్రస్తుత ప్రసంగము చేయువారు ఒక్కరే. మనమే కోరి పదిమందిని పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొననేల?

అందరి యిండ్లలోను చదువుకొనుటకు వేరు గది యుండదు. ఒకే గదిలో వంట, పసిపిల్లల ఏడుపు, పెద్దల మాటలు సాగుచుండవచ్చును. అట్టివారు నిరాశపడనక్కరలేదు. అర్థము లేని ధ్వని కంటె అర్థముగల మాటయే చదువునకు ఎక్కువ అడ్డు. వానచప్పుడు, పంకా చప్పుడు అంతగా బాధింపవు. కావున మాటలు తక్కువగా నుండు వేళను వెదకుకొనవలెను. కొందరికి తెల్లవారుజాము అనుకూలము. కొందరికి బడి విడిచిన పిదప తరగతిగదిలోనో, గ్రంథాలయములోనో గడుపు గంట అనుకూలము. కఠినమైన పాఠమును ఆ వేళకు ఉంచుకొని, లెక్కల సాధనము, పటములు గీయుట, శుద్ధప్రతి వ్రాయుట మున్నగువానిని సందడిలో చేసికొనవచ్చును.

మూడవ విషయము విశ్రాంతి. రెండవ ప్రపంచయుద్ధకాలమున విమానములలో కూర్చుండి, రాడారు తెరలపై శత్రువుల జలాంతర్గాముల జాడలను కనిపెట్టువారు కొంతసేపటికి వానిని గుర్తింపజాలకపోవుచుండిరి. వారు సోమరులు కారు. ఆ పనిలో ప్రాణములు ముడివడియున్నవి. దీనికి కారణము తెలిసికొనుటకు నార్మన్ మాక్‌వర్త్ అను శాస్త్రజ్ఞుడు కేంబ్రిడ్జిలో ఒక పరీక్ష చేసెను. గడియారము వంటి పలకపై ఒక ముల్లు క్షణమునకొకమారు ముందునకు దుమికెడిది. అరుదుగా ఒకప్పుడు రెండింతల దూరము దుమికెడిది. చూచువారు అట్టి దుముకును గుర్తింపవలెను. రెండు గంటల పరీక్షలో మొదటి అరగంట గడచునప్పటికే తప్పులు హెచ్చినవి. అరగంట పనిచేసి అరగంట విశ్రమించినవారి చూపు మాత్రము తగ్గలేదు. ఈ ఫలితములను ఆయన 1948లో ప్రకటించెను.

దీనినుండి మనము గ్రహింపవలసిన దేమి? "నేను నాలుగు గంటలు కదలక కూర్చుంటిని" అని చెప్పుకొనుట గొప్ప కాదు. ఇరువదియైదు నిమిషములో, అరగంటయో మనసుపెట్టి చదివి, ఐదు నిమిషములు లేచి, నీరు త్రాగి, దూరమున నున్న చెట్టును చూచి, మరల కూర్చుండుట మంచిది. ఆ ఐదు నిమిషములలో సెల్‌ఫోనును ముట్టరాదు. అది విశ్రాంతి కాదు. మనస్సునకు మరియొక పని. విషయము మార్చుట కూడ ఒక విధమైన విశ్రాంతియే. గణితము తరువాత తెలుగు, తెలుగు తరువాత సామాన్యశాస్త్రము చదివినచో మనస్సు చురుకుగా నుండును.

నాలుగవ విషయము: చదివిన పిదప పుస్తకమును మూయవలెను. మూసి, చదివినదానిని తన మాటలలో చెప్పుకొనవలెను, లేదా వ్రాయవలెను. 2006వ సంవత్సరమున అమెరికాలో రోడిగర్, కార్పికీ అను ఇరువురు పరిశోధకులు విద్యార్థులచేత కొన్ని గద్యభాగములను చదివించిరి. కొందరు అదే భాగమును మరల చదివిరి. మరికొందరు చూడకుండ జ్ఞప్తికి తెచ్చుకొని వ్రాసిరి. ఐదు నిమిషముల పిమ్మట అడిగినపుడు మరల చదివినవారే ఎక్కువ చెప్పిరి. కాని రెండు దినముల పిమ్మటను, వారము పిమ్మటను అడిగినపుడు చూడకుండ వ్రాసినవారే మిన్నయైరి. మరల మరల చదువునపుడు "ఇది నాకు తెలియును" అను భ్రాంతి కలుగును. ఆ భ్రాంతిలో మనస్సు నిద్రపోవును. పుస్తకము మూయగానే తెలిసినదేదో, తెలియనిదేదో స్పష్టమగును. తెలియనిదానిని వెదకుటకు మరల తెరచినపుడు మనస్సు మేలుకొని చదువును. అవధానికి చివర ధారణ యుండుటచేతనే ప్రతి పాదమును జాగరూకతతో మనసున నిలుపుకొనును గదా!

ఇక శరీరమును గూర్చి ఒక మాట. ఆకలిగొన్న కడుపు, నిద్రలేని కన్ను ఏ ఉపాయమునకును లొంగవు. పదుమూడు మొదలు పదునెనిమిదేండ్ల లోపు వయస్సువారికి రోజునకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని వైద్యులు చెప్పుదురు. పగలు నేర్చినది నిద్రలో గట్టిపడును. పరీక్షకు ముందు రాత్రియంతయు మేలుకొని చదువుట, కుండలో నీరు పోయుచు అడుగున చిల్లి పెట్టుట వంటిది. ప్రతిదినము కొంతసేపు ఆటలాడుట కూడ అవసరమే. ఆడవలసినపుడు ఆడినవారి మనస్సు చదువవలసినపుడు ఆటస్థలమునకు అంతగా పరుగిడదు.

ఇవన్నియు ఒక్కనాటిలో అలవడవు. ఈ దినముననే మొదలు పెట్టదగిన పని ఒకటి కలదు. చదువుటకు కూర్చున్నపుడు ప్రక్కన ఒక చిన్న కాగితము పెట్టుకొనుడు. మనస్సు పాఠమును విడిచిపోయినదని తెలిసినప్పుడెల్ల ఆ కాగితముపై ఒక గీత గీసి, వేసికొన్న ప్రశ్నను తలచుకొని, మరల చదువుడు. మొదటినాడు గీతలు చాల పడవచ్చును. వానిని చూచి దిగులు చెందవలదు. అవి మనస్సు పారిపోయిన గుర్తులు మాత్రమే కావు. మీరు దానిని వెనుకకు తెచ్చిన గుర్తులు కూడ. ఇరువది గీతలు పడినచో, ఇరువదిమారులు మీరు గెలిచితిరని అర్థము. దినములు గడచినకొలది గీతకును గీతకును నడుమ చదివిన పంక్తుల సంఖ్య పెరుగును.

విద్యార్థులారా! మనస్సు చంచలమైనంతమాత్రమున ఎవరును చదువునకు అనర్హులు కారు. చంచలత్వము అందరికిని సహజము. మరలి వచ్చు అలవాటు మాత్రము అభ్యాసముచేతనే లభించును. అది ధనము పోసినను దొరకదు. కాని పేదవారికిని, ధనవంతులకును సమానముగా సాధ్యమగును. ఈ అలవాటు పాఠములతోనే ముగియదు. మగ్గము నేయువారికిని, రోగిని పరీక్షించు వైద్యునకును, బస్సు నడుపువారికిని, దేశమును పాలించువారికిని ఇదియే అండ. చదువుకొను కాలమున దీనిని సంపాదించినవారు, పుస్తకములోని విషయములు కొన్ని మరచిపోయినను, ఏ పని చేపట్టినను దానిని నెరవేర్పగలరు.